42 టన్నుల ఉడుము: ఒక కల్పిత యుద్ధ ట్యాంకు డిజైన్ కేస్ స్టడీ

తిరుపతిలో మా బృందం ఆడే మిలిటరీ రోల్ ప్లేయింగ్ గేమ్‌కి ఒక యుద్ధ ట్యాంకు కావాల్సి వచ్చింది. మొదటి గీత నుంచి ఆటలో దిగేదాకా దాన్ని తయారుచేసే పని నాకు అప్పగించారు. ట్యాంకు పేరు ఉడుము. బరువు 42 టన్నులు, 105 మిల్లీమీటర్ల ఫిరంగి, 750 హార్స్‌పవర్ ఇంజన్, లోపల నలుగురు మనుషులు: కమాండర్, డ్రైవర్, ఫిరంగి పేల్చే గన్నర్, గుండ్లు పెట్టే లోడర్. ఈ అంకెలు ఎట్లా వచ్చాయో, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల చేత అవి ఏమేం చేయించాయో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఆటలు తెలుగులో నడపాలనుకునేవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

నా ఉద్యోగం వంతెనల డిజైన్. ట్యాంకుల మీద ఇష్టం చిన్నప్పటిది. మా ఊరి నుంచి చెన్నై పోయే రైళ్లు ఆవడి మీదుగా వెళ్తాయి. విజయంత, అజేయ, అర్జున్ ట్యాంకులు తయారైన ఫ్యాక్టరీ ఆ ఊళ్లోనే ఉంది. ఉద్యోగం, ఇష్టం ఈ పనిలో కలిసిపోయాయి. నేను చెప్పదలుచుకున్నది కూడా అక్కడి నుంచే వచ్చింది. ఆట కోసం ట్యాంకు గీసేవాళ్లు చాలామంది ఫిరంగితో మొదలుపెట్టి కవచం దగ్గర ముగిస్తారు. నా లెక్కలో ముందు దాన్ని తయారుచేసే దేశం రోడ్లు, వంతెనలు చూడాలి. తర్వాత దాని లోపల కూర్చునే ఒక్కో మనిషి చేతిలో ఏ పని పెడుతున్నామో చూడాలి. ఫిరంగి సైజు ఈ రెండింటి మధ్య దానంతటదే తేలుతుంది.

ఆట గురించి తెలియనివాళ్లకు ఒక మాట. ఇది కంప్యూటర్ మీద ఆడేది కాదు. బల్ల మీద ఒక మ్యాపు, కాగితాలు, రెండు పాచికలు ఉంటాయి. గేమ్ మాస్టర్ పరిస్థితి చెబుతాడు. ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్ర. ఆ మనిషి ఏం చేస్తాడో నోటితో చెప్పాలి. జరుగుతుందో లేదో సందేహం ఉన్నచోట మాత్రం పాచికలు వేస్తాం.

గేమ్ మాస్టర్ ఇచ్చిన షరతులు ఇవి. కాలం 1983. ఒక కల్పిత దేశం, పెద్దగా డబ్బులేనిది. పక్క దేశం దగ్గర 125 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న ట్యాంకులున్నాయి. మా పక్షంలో ఆడేది నలుగురు. మ్యాపు మాత్రం పాత చిత్తూరు జిల్లాదే, ఊళ్ల పేర్లు మార్చుకున్నాం. తూర్పున సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తులో తిరుపతి మైదానం, పడమట 700 మీటర్ల ఎత్తులో పలమనేరు, మదనపల్లె పీఠభూమి. రెండింటి మధ్య మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ లాంటి ఇరుకు దారులు. తిరుమల కొండ మీద యుద్ధం పెట్టాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. శేషాచలం మొత్తాన్ని రెండు పక్షాలూ అడుగుపెట్టని అడవిగా గీసుకున్నాం.

మొదటి బొమ్మ తెచ్చింది మాలో చిన్నవాడు, ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు. 66 టన్నులు, 140 మిల్లీమీటర్ల ఫిరంగి, 1500 హార్స్‌పవర్, గంటకు 80 కిలోమీటర్లు. చాలా శ్రద్ధగా గీశాడు. "అన్నా, దీని ముందు ఏదీ నిలబడదు" అన్నాడు. అతను చెప్పింది నిజమే, ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఏదీ నిలబడకపోతే కమాండర్ ఆలోచించాల్సిన పని లేదు, డ్రైవర్ దారి వెతకాల్సిన పని లేదు. నలుగురు మనుషులు పాచికలు వేసి అంకెలు చదువుతూ కూర్చోవాలి. అందుకని ఆ బొమ్మను పక్కన పెట్టి, "ఇది చిత్తూరులో నీవా నది మీద పాత వంతెన దాటుతుందా?" అని అడిగాను. అక్కడి నుంచి అసలు పని మొదలైంది.

వంతెన చెప్పిన బరువు

మన దేశంలో రోడ్డు వంతెన డిజైన్ చేసే ప్రతి ఇంజనీరూ ఒక ట్యాంకును లెక్కలో నడిపిస్తాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడ్‌లో క్లాస్ ఏఏ అనే లోడ్ ఉంది. అందులో ట్రాక్‌ల మీద, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టాల మీద నడిచే 70 టన్నుల వాహనం ఉంటుంది. ఒక్కో ట్రాక్ నేలను తాకే పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 0.85 మీటర్లు. ఒక వాహనం తోకకూ దాని వెనక వచ్చేదాని ముక్కుకూ మధ్య కనీసం 90 మీటర్ల ఖాళీ ఉండాలి. కాలేజీలో ఈ అంకెలు బట్టీపట్టిన సివిల్ విద్యార్థుల్లో చాలామందికి తాము లెక్క కడుతున్నది ఒక యుద్ధ ట్యాంకు లాంటి వాహనమని తట్టదు.

మా కల్పిత దేశానికి అంత బలమైన వంతెనలు ఇవ్వలేదు. పాత రాతి ఆర్చీలు, ఇనుప గర్డర్లు, వాగుల మీద కాజ్‌వేలు ఇచ్చాం. సైన్యాల్లో వంతెనలకూ వాహనాలకూ ఒకే వరసలో క్లాస్ నంబర్లు ఇచ్చే పద్ధతి ఉంది. వాహనం నంబర్ వంతెన నంబర్‌ను మించితే దాటకూడదు. దాన్ని కొంచెం సులువు చేసి, మ్యాపు మీద ప్రతి వంతెన పక్కనా టన్నుల్లో ఒక అంకె రాశాను. ముఖ్యమైన వంతెనలు చాలావరకు 45 దాటలేదు. ఇంధనం, గుండ్లు నింపాక, మీద నలుగురైదుగురు సైనికులు ఎక్కినా ఆ అంకెలోపు ఉండాలంటే 42 దగ్గర ఆగాలి.

ఇది ఊహాలోకపు బరువేం కాదు. విజయంత దాదాపు 39 టన్నులు, సోవియట్ల టీ-72 41.5 టన్నులు, జర్మన్ల లెపర్డ్ 1 కూడా దాదాపు 40 టన్నులే. ఇంకోవైపు అర్జున్‌ని చూడండి. 1974లో మొదలైన ఆ ప్రాజెక్టు మొదటి మోడల్‌లో 58.5 టన్నుల దగ్గర ఆగింది, మార్క్ 1ఏ వచ్చేసరికి 68కి చేరింది. డిజైన్ చేసేవాళ్లు ఒక్కో మెరుగుదలకు ఒప్పుకుంటూ పోతే బరువు ఎట్లా పెరుగుతుందో చెప్పడానికి ఆ రెండు అంకెలూ కుర్రాడికి చాలా ఉపయోగపడ్డాయి.

ఆ 90 మీటర్ల నియమాన్ని కూడా ఆటలోకి తెచ్చాను: వంతెన మీద ఒకసారి ఒక్క ట్యాంకే ఉండాలి. కాగితం మీద చూస్తే ఇది ఆఫీసు నియమంలా ఉంటుంది. ఆటలో అయితే ట్యాంకుల వరస వంతెన దగ్గర నిలిచిపోతుంది, అవతలి ఒడ్డుకు ముందు చేరిన ట్యాంకు కాసేపు ఒంటరిగా నిలబడాలి. ముందు ఎవరు దాటాలి అన్న వాదన ప్రతిసారీ వస్తుంది.

వెడల్పు సంగతి త్వరగా చెబుతాను. దాన్ని రైలు నిర్ణయించింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల టైగర్ ట్యాంకు రైలెక్కాలంటే 725 మిల్లీమీటర్ల యుద్ధపు ట్రాక్‌లు విప్పి, 520 మిల్లీమీటర్ల ప్రయాణపు ట్రాక్‌లు తొడగాల్సి వచ్చేది. ఆ గొడవ లేకుండా ఉడుము వెడల్పును 3.3 మీటర్లకు కట్టేశాం. ట్రాక్ వెడల్పు 0.56 మీటర్లు, నేలను తాకే పొడవు 4.3 మీటర్లు. అంటే నేల మీద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.87 కిలోలు. టీ-72ది కూడా ఇంచుమించు ఇంతే. రెండు ట్రాక్‌ల మధ్య దూరంతో పోలిస్తే నేలను తాకే పొడవు 1.57 రెట్లు వచ్చింది. ఇది 1.8 దాటితే ట్యాంకు తిరగడానికి మొండికేస్తుంది. హెయిర్‌పిన్ మలుపులున్న దేశానికి 1.57 సరిపోతుంది.

తడిసిన వరిమడిలో ఈ ట్యాంకు దిగబడే అవకాశం ఉందని ఆటలో వాడే ట్యాంకు కార్డు మీద రాసిపెట్టాను. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర మన సైన్యం పొలాల్లోకి నీళ్లు వదిలి పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను బురదలో ఇరికించిన సంగతి తెలిసినవాళ్లకు ఆ ఒక్క లైను చాలు.

ఘాట్ ఎక్కడం, దిగడం

కొండ రోడ్లకు మన కోడ్ మామూలుగా పెట్టే వాలు 20 మీటర్లకు ఒక మీటరు. ఆ వాలు మీద 42 టన్నుల ట్యాంకు గంటకు 20 కిలోమీటర్లతో ఎక్కాలంటే, ట్రాక్‌ల రాపిడి కూడా కలుపుకుంటే స్ప్రాకెట్ (ట్రాక్‌ను తిప్పే పళ్ల చక్రం) దగ్గర దాదాపు 275 హార్స్‌పవర్ కావాలి. ఇంజన్ శక్తిలో ఫ్యాన్లకు, గేర్‌బాక్స్‌కు పోయేది తీసేస్తే మూడింట రెండు వంతులు కూడా స్ప్రాకెట్ దాకా చేరవు. కాబట్టి ఇంజన్ దగ్గర 425 పైన ఉండాలి. 750 పెడితే అదే వాలు మీద 35 కిలోమీటర్ల వేగం దాకా వస్తుంది. 1500 ఎందుకు అక్కర్లేదో ఈ లెక్కతో తేలిపోయింది. పైగా 1983లో డబ్బులేని దేశం 750 హార్స్‌పవర్ ఇంజన్ చేసుకోవడమే గొప్ప. బ్రిటన్ చేసిన ఎల్60 ఇంజన్ కూడా ఈ తరగతిదే. చీఫ్‌టన్ ట్యాంకులో అది ఏళ్ల తరబడి సతాయించింది. తక్కువ శక్తికి సర్దిపెట్టి దాన్నే మన విజయంతలో వాడితే అక్కడా ఇబ్బందులు తప్పలేదు. అందుకే ఉడుము ఇంజన్‌కి ఒక చెడ్డ గుణం ఇచ్చాను: ఎండాకాలం మధ్యాహ్నం పూర్తి శక్తితో ఎక్కువసేపు నడిపితే వేడెక్కుతుంది.

ఎక్కడం గురించి అందరూ అడుగుతారు. నాకు దిగడమే ముఖ్యం అనిపించింది. పలమనేరు వైపు నుంచి చిత్తూరు వైపు దిగితే ఎత్తులో దాదాపు 400 మీటర్ల తేడా. 42 టన్నుల బరువు అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి 16 కోట్ల జౌల్స్‌కు పైనే. అరవై లీటర్ల నీళ్లను ఆవిరి చేయడానికి అది చాలు. కొంత ట్రాక్‌ల రాపిడిలో పోతుంది, మిగతాదంతా ఇంజన్, బ్రేకులు మింగాలి. మొగిలి ఘాట్‌లో లోడు లారీలు బ్రేకులు ఫెయిలై పడిపోయిన వార్తలు చదివిన మా జిల్లావాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఆటలో దీన్ని ఇట్లా పెట్టాం. డ్రైవర్ కార్డు మీద ఆరు బ్రేకు గడులుంటాయి. మలుపులో బ్రేకు వాడి దిగితే ఒక గడి నిండుతుంది. తక్కువ గేరులో దిగితే గడి నిండదు కానీ రెట్టింపు సమయం పడుతుంది. ఆరూ నిండాక బ్రేకు తొక్కితే రెండు పాచికల మొత్తం 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి. అది పడే అవకాశం 42 శాతం. ఎన్ని గడులు నిండాయో డ్రైవర్‌కి మాత్రమే కనిపిస్తుంది. పైనుంచి కమాండర్ "తొందరగా, తొందరగా" అంటుంటే, కుదరదని చెప్పే బాధ్యత డ్రైవర్ పాత్రది. ఈ ఒక్క నియమం వల్ల డ్రైవర్ సీటు అంటే అందరికీ గౌరవం పెరిగింది.

చెరువుకట్ట, ఫిరంగి, కవచం

ఫిరంగి 105 మిల్లీమీటర్లు అని తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఈ బరువు ట్యాంకుకి, ఆ కాలానికి అదే సరిపోతుంది. బ్రిటిష్ ఎల్7 ఫిరంగి 1950ల చివర్లో వచ్చి సగం ప్రపంచానికి ప్రమాణమైంది. 1980లో సైన్యంలో చేరిన అమెరికన్ ఎం1 అబ్రామ్స్ కూడా మొదట్లో ఆ కుటుంబపు 105తోనే వచ్చింది. గుండు బరువు సుమారు 20 కిలోలు, ఒక మనిషి ఊగే టరెట్‌లో (ఫిరంగిని మోస్తూ తిరిగే పైభాగంలో) ఎత్తి పెట్టగలడు.

దానికన్నా ముఖ్యమైన ప్రశ్న, ఫిరంగి మూతి ఎంత కిందికి వంగుతుంది అన్నది. మూతి దించితే టరెట్ లోపల దాని వెనక భాగం పైకి లేస్తుంది, టరెట్ కప్పు తగలకుండా ఎత్తుగా ఉండాలి. సోవియట్ ట్యాంకులు మైదానాల కోసం పొట్టిగా చేసినవి. టీ-72 ఎత్తు 2.23 మీటర్లే, మూతి 6 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. పాశ్చాత్య ట్యాంకుల్లో ఇది 9, 10 డిగ్రీలుంటుంది. అమెరికన్ ఎం60 ఎత్తు 3.2 మీటర్లు ఉండటానికి ఇదొక కారణం.

మా మ్యాపులో ఈ కొలత ఎక్కడ పనికొస్తుందో వెతుక్కోనక్కర్లేదు, ఊరూరా చెరువుకట్టలే. కట్ట ఎక్కడానికి బండ్లు పోయే వాలు దారి పదికి ఒకటి ఉంటే, ఆ దారిలో ఆగిన ట్యాంకు ముక్కు దాదాపు 6 డిగ్రీలు పైకి లేచి ఉంటుంది. అవతలి ఒడ్డు మీద ఉన్నవాడిని కొట్టాలంటే ఫిరంగి ఆ 6 డిగ్రీలూ దిగాలి, మరో రెండు కూడా దిగాలి. 6 దగ్గర ఆగిపోయే ట్యాంకు అక్కడ పనికిరాదు. కట్ట మీదికి ఎక్కి ఒళ్లంతా చూపిస్తేగానీ కాల్చలేదు. ఉడుముకి 10 డిగ్రీలు ఇచ్చాం. ఒళ్లు కట్ట వెనక దాచుకుని తల మాత్రం బయటపెట్టగలదు. ఎత్తు కొంచెం పెరిగి టరెట్ కప్పు 2.45 మీటర్లకు వచ్చింది. పేరు కూడా ఈ చర్చలోనే కుదిరింది.

కవచం గురించి మా బృందంలో ఒక అపోహ ఉండేది. చాలా చోట్ల ఇదే అపోహ చూశాను. పలకను ఏటవాలుగా పెడితే బరువు పెరగకుండా మందం పెరుగుతుందని అనుకుంటారు. 80 మిల్లీమీటర్ల పలకను 60 డిగ్రీలు వాల్చితే ఎదురుగా వచ్చే గుండుకి 160 మిల్లీమీటర్లు అడ్డుపడుతుంది, అంతవరకు నిజం. కానీ అదే ఎత్తును కప్పడానికి వాల్చిన పలక రెట్టింపు పొడవుండాలి, బరువు నిటారుగా పెట్టిన 160 పలకంతే అవుతుంది. లాభం వేరే చోట ఉంది: గుండు జారిపోయే అవకాశం, పైకప్పు పలక పొట్టిదవడం. పొడవాటి బాణం లాంటి కొత్త తరం గుండ్లు ఆ జారిపోవడాన్ని కూడా బాగా తగ్గించేశాయి.

ఉక్కు లెక్క ఎంత కఠినంగా ఉంటుందంటే, రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 100 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క పలకే 1.57 టన్నులు తూగుతుంది. 42 టన్నుల్లో ఇట్లాంటివి ఎన్నో పట్టవు. అందుకని ఉన్నదంతా టరెట్ ముఖానికి పెట్టాం. హైదరాబాద్ కాంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల డీఎంఆర్ఎల్ మన అర్జున్ కోసం కాంచన్ అనే మిశ్రమ కవచం తయారుచేసింది. అట్లాంటి పొరల కవచం మా కల్పిత దేశం కూడా కొద్దిగా చేసుకోగలిగిందని, అది టరెట్ ముందు భాగానికి మాత్రమే సరిపోయిందని రాసుకున్నాం. ముందున్న బాడీ పలక శత్రువు 125 గుండును ఆపలేదు. పక్కలైతే చెప్పనక్కర్లేదు.

ఇదే నాకు కావాల్సింది. తల గట్టిది, ఒళ్లు మెత్తనిది. ఈ ట్యాంకు బతకాలంటే నేలను వాడుకోవాలి. నేలను వాడుకోవాలంటే నలుగురూ మాట్లాడుకోవాలి.

నాలుగు సీట్లు

ఎక్కువ సమయం ఈ భాగానికే పెట్టాను. రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ట్యాంకు అంటే నాలుగు కుర్చీలు. ఒక్కో కుర్చీకి కనిపించేది వేరు, తెలిసేది వేరు, చేయగలిగేది వేరు.

కుర్రాడు ఆటోలోడర్ పెడదామన్నాడు. టీ-64, టీ-72లలో గుండు యంత్రమే ఎత్తి పెడుతుంది, మనుషులు ముగ్గురే. ట్యాంకు చిన్నదవుతుంది, బరువు తగ్గుతుంది. ఇంజనీరుగా అది మంచి ఆలోచనే. కానీ మా బల్ల దగ్గర నలుగురున్నారు. ఒకరిని ఇంటికి పంపే యంత్రం నాకొద్దు. లోడర్‌ను ఉంచాను. ఉంచాక ఆ సీటుకి విలువ తేవడం నా బాధ్యత అయింది. గుండు పెట్టాను, గుండు పెట్టాను అని సాయంత్రమంతా చెప్పే పాత్రను ఎవరూ ఆడరు.

ఉడుములో 44 గుండ్లు పడతాయి. అందులో 10 మాత్రమే టరెట్‌లో చేతికందే దూరంలో ఉంటాయి. మిగతావి డ్రైవర్ పక్కన బాడీలో. మా ఆటలో ఒక వంతు అంటే పది సెకన్లు. చేతికందే గుండు ఒక వంతులో పెట్టొచ్చు. బాడీలో ఉన్నవి పైకి తేవాలంటే టరెట్ సూటిగా ముందుకు తిరిగి ఉండాలి, మూడు వంతులు పడతాయి, అంతసేపూ ఫిరంగి పేలదు. ఏ రకం గుండు ఎన్ని మిగిలాయో లోడర్ కాగితం మీద మాత్రమే ఉంటుంది. కమాండర్ అడగాలి, లేదా లోడర్ తనంతట తాను చెప్పాలి. రేడియో కూడా లోడర్ చేతిలోనే. పక్క ట్యాంకులు ఏమంటున్నాయో గేమ్ మాస్టర్ చీటీ రాసి లోడర్‌కే ఇస్తాడు. ఏది ముందు చెప్పాలో, ఏది ఆపాలో అతని నిర్ణయం.

గన్నర్‌కి పెద్ద మ్యాపు చూపించం. అతని ముందు నడుమ చిన్న రంధ్రం ఉన్న అట్టముక్క పెడతాం. మ్యాపు మీద కమాండర్ చెప్పిన దిక్కుకి ఆ అట్టను జరిపితే, రంధ్రంలో కనిపించినంతే అతనికి లోకం. నిజమైన గన్నర్ సైటు కూడా దూరాన్ని దగ్గరగా చూపిస్తుంది, పక్కల్ని దాచేస్తుంది. లేజర్‌తో దూరం కొలిచి, ట్యాంకు ఆగి ఉన్నప్పుడు కాలిస్తే 6 పడితే చాలు, తగిలే అవకాశం 72 శాతం. కదులుతూ, దూరం కొలవకుండా కాలిస్తే 9 పడాలి, అంటే 28 శాతం. దూరం కొలవడానికి ఒక వంతు పోతుంది. ఆ పది సెకన్లు ఆగాలా వద్దా అన్నది గన్నర్ చెప్పాలి, కమాండర్ ఒప్పుకోవాలి.

డ్రైవర్‌కి ముందు వైపు మాత్రమే కనిపిస్తుంది, ట్యాంకుకి మరీ దగ్గరున్న నేల అసలు కనిపించదు. వెనక్కి పోవాలంటే పూర్తిగా కమాండర్ మాట మీద ఆధారపడాలి. కమాండర్ మూత తెరిచి తల బయటపెడితే మొత్తం మ్యాపు చూడొచ్చు. కానీ పెంకులు, తుపాకీ గుండ్లు తగులుతాయి. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో తల బయటపెట్టి పోరాడే అలవాటున్న ఇజ్రాయెల్ ట్యాంకు కమాండర్లు చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. మూత వేసుకుంటే క్షేమం, అయితే మ్యాపులో ముప్పావు భాగం అట్టతో కప్పేస్తాం.

ఎండ గురించి కూడా ఒక నియమం ఉంది. చిత్తూరులో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని ఉక్కు డబ్బాలో, మూతలు వేసుకుని ఎక్కువసేపు ఉంటే నలుగురికీ అలసట గడులు నిండుతాయి, లోడర్‌కి రెండింతల వేగంగా.

కట్ట దగ్గర ఏం జరిగిందంటే

పూర్తి ఆటలో ఉడుమును మొదటిసారి దింపినప్పుడు గేమ్ మాస్టర్ నవంబర్ నెల పెట్టాడు. చెరువు నిండి మొరవ పోతోంది, అంటే మిగులు నీళ్లు పొర్లిపోతున్నాయి. ఉడుము కట్టకి ఆయకట్టు వైపు, వాలు దారిలో నక్కి ఉంది. శత్రువు నీళ్లకి అవతలి ఒడ్డున మామిడి తోటల్లోంచి వస్తున్నాడు. ఉడుము వెనక వరిమళ్లు, వాటి వెనక ఊరు.

కమాండర్ పాత్ర రిటైరైన బ్యాంకు ఉద్యోగిది. డ్రైవర్ సీట్లో మేమంతా అక్కా అని పిలిచే ఒక లెక్చరర్. లోడర్ సీటును కుర్రాడే అడిగి తీసుకున్నాడు. మొదట్లో అంతా బాగా జరిగింది. ఒళ్లు దాచుకున్న ట్యాంకును అవతలివాళ్లు కొట్టలేకపోయారు. గన్నర్ రెండు ట్యాంకులను ఆపేశాడు. కమాండర్ ఉత్సాహంలో ఉన్నాడు.

అప్పుడు లోడర్ అన్నాడు: "సార్, చేతికందేవి ఇంక రెండే ఉండాయి."

కమాండర్ వినిపించుకోలేదు, ఇంకో లక్ష్యం చెప్పాడు. గన్నర్ కొట్టాడు, తప్పింది. "సార్, ఒక్కటే" అన్నాడు కుర్రాడు. బాడీలోంచి తేవాలంటే టరెట్ ముందుకు తిప్పి మూడు వంతులు నోరు మూసుకుని కూర్చోవాలి. అదే సమయంలో గేమ్ మాస్టర్ ఇంకో చీటీ రాసి లోడర్‌కి ఇచ్చాడు: శత్రువు ఫిరంగి దళం కట్ట మీద గుండ్లు వేయబోతోంది. కుర్రాడు అది చదివి వెంటనే చెప్పలేదు. కట్ట వెనకున్న ఊరిని చూశాడు, మ్యాపు మీద వేలు పెట్టి చూపించాడు. "సార్, మనం ఈడే ఉంటే వాళ్లు కట్టను కొడతారు. తెగితే ఊరు మునిగిపోతాది."

2021 నవంబర్ వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకి గండి పడేలా ఉందని, కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించిన రోజులు మా అందరికీ గుర్తే. ఎవరూ ఆ సంగతి గుర్తుచేయలేదు, అవసరం కూడా లేకపోయింది. గన్నర్ ఉండాలన్నాడు, ఇంత మంచి చోటు మళ్లీ దొరకదన్నాడు, అదీ నిజమే. అక్క బ్రేకు గడులు చూసుకుని, వెనకున్న గట్టు దారి తడిగా ఉందని, పోవాలంటే ఇప్పుడే పోవాలని చెప్పింది. కమాండర్ చాలాసేపు ఆలోచించాడు. ఆ సేపంతా ఒక్క పాచిక కూడా పడలేదు. చివరికి, "అక్కా, మెల్లగా వెనక్కి తీ. చివరి గుండు కాల్చి కనిపిద్దాం, మనం కదిలామని వాళ్లకి తెలియాలి" అన్నాడు. అంటే శత్రువు చూపు కట్ట మీద నుంచి తమ మీదికి మళ్లాలని. ఒళ్లు మెత్తని ట్యాంకు బయటపడి, పొలం గట్టు మీద వెనక్కి నడిచింది. ఒక గుండు ట్రాక్‌ను తెంపింది. నలుగురూ దిగి నడిచి వచ్చారు, ట్యాంకు అక్కడే ఉండిపోయింది.

66 టన్నుల బొమ్మతో ఈ ఆట జరిగేది కాదు. అది కట్ట దాకా రాకుండానే మొదటి వంతెన దగ్గర ఆగిపోయేది. ఒకవేళ దాటినా, గుండ్లకు భయపడనిదానికి కట్టతో పని లేదు.

ఆడి చూశాక రెండు మార్పులు చేశాం. గన్నర్ అట్టలో రంధ్రం మరీ చిన్నదై ఆట నెమ్మదించింది, దాన్ని కొంచెం పెద్దది చేశాం. లోడర్ కాగితం మీద గుండ్ల లెక్కతో పాటు రేడియో చీటీలు అతికించుకునే చోటు పెట్టాం, ఎందుకంటే ఏ చీటీ ఎప్పుడు వచ్చిందన్నది తర్వాత వాదనకు వచ్చింది. మిగతా అంకెలు కదపలేదు. 42ని 44 చేసి పక్క కవచం పెంచుదామని గన్నర్ అడిగాడు, వంతెనల అంకెలు చూపించాను.

కట్ట దగ్గర వదిలేసిన ట్యాంకును తిరిగి తెచ్చుకోవాలన్నది ఇప్పుడు ఆటలో తర్వాతి పని. దానికోసం అదే బాడీ మీద ఇంకో వాహనం గీస్తున్నాను. టరెట్, ఫిరంగి, గుండ్లు తీసేస్తే పది టన్నులకు పైగా మిగులుతాయి. ఆ బరువులో 18 మీటర్ల మడత వంతెన మోయగలదు, అంటే మ్యాపులో తెగిన కాజ్‌వేలలో సగం దాటొచ్చు. లోపల ఇద్దరే పడతారు. మిగిలిన ఇద్దరికి బయట నిలబడి ఒడ్డు గట్టిదనం చూసే, వంతెన కొసలు సరిచేసే సాపర్ల (సైన్యపు ఇంజనీరింగ్ దళంవాళ్ల) పాత్రలు రాస్తున్నాను. కుర్రాడు ఆ రెండింట్లో ఒకటి తనకే కావాలన్నాడు.